‘లాంగ్-సఫరింగ్’ అంటే దెబ్బలు తినడమా?



కాలేజీలు తెరిచిన కొత్తలో ఒక శనివారం సాయంకాలం మా సంఘంలోని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. చేతిలో ఇంగ్లీషు నోటుపుస్తకం ఉంది. నా భార్య మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ పిల్ల కాసేపు తల వంచుకొని కూర్చుని, తరువాత నోటుపుస్తకం తెరిచి ఒక పేజీ చూపించింది.

“అయ్యగారూ, ఈ మాటకు అర్థం చెప్పండి” అన్నది.

అది కాంపౌండ్ అడ్జెక్టివ్‌ల పాఠం. హార్డ్-వర్కింగ్, గుడ్-లుకింగ్, గాడ్-ఫియరింగ్, లాంగ్-సఫరింగ్ అని నాలుగు మాటలు ఇచ్చి, ఒక్కొక్క దానితో సొంతంగా ఒక వాక్యం వ్రాయమన్నారట. నాలుగవ మాటకు ఆ పిల్ల ఇలా వ్రాసింది: “మై మదర్ ఈజ్ ఎ లాంగ్-సఫరింగ్ వైఫ్.” ప్రక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టి ఉంది. వాక్యం తప్పు లేదు. మా అమ్మ చాలాకాలంగా బాధలు ఓర్చుకుంటున్న భార్య అని దాని భావం.

“సండేస్కూల్లో ఆత్మఫలం గురించి తొమ్మిది మాటలూ ఇంగ్లీషులో కూడా మాచేత కంఠతా పట్టించారు కదండీ. అందులో నాలుగవది ఈ మాటే. మరి మా నాన్న చేతిలో మా అమ్మ పడుతున్నదంతా ఆత్మఫలమేనా అయ్యగారూ?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఎనిమిదేళ్ల క్రిందట ఆ పిల్ల తల్లి మిరపకోతల రోజుల్లో, మోచేతి వరకు వాచిన చేతితో మా గుమ్మంలో నిలబడింది. అప్పుడు నేను బైబిలు తెరిచి గలతీ పత్రిక 5వ అధ్యాయం చదివి, “దీర్ఘశాంతము కలిగి ఉండమ్మా, దేవుడే అతనిని మారుస్తాడు” అని ప్రార్థన చేసి ఇంటికి పంపించాను. ఆ తల్లి నా మాట నమ్మింది. ఎనిమిదేళ్లు ఆ మాట మీదే కాపురం చేసింది.

ఈ వ్యాసం ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. ఆమె, ఆమె తల్లి ఒప్పుకున్న తరువాతనే, పేరూ ఊరూ చెప్పకుండా వ్రాస్తున్నాను.

జంటమాటల సంగతి

ముందు భాష సంగతి చూద్దాం. ఇంగ్లీషులో రెండు మాటలను మధ్యలో చిన్న గీతతో కలిపి, ఒకే విశేషణంగా వాడడం ఎక్కువ. కష్టపడి పనిచేసేవాడు హార్డ్-వర్కింగ్. దేవునియందు భయభక్తులు గలవాడు గాడ్-ఫియరింగ్. చాలాకాలం మన్నే వస్తువు లాంగ్-లాస్టింగ్. ఈ వరుసలోనిదే లాంగ్-సఫరింగ్. ‘లాంగ్’ అంటే ఇక్కడ పొడవు కాదు, చాలాకాలం అని అర్థం. ఇంగ్లీషు పాత బైబిళ్లలో గీత లేకుండా ఒకే మాటగా అచ్చువేశారు. ఇప్పుడు గీత పెట్టి వ్రాయడమే వాడుక.

నేటి ఇంగ్లీషులో ఈ మాటను ఎక్కువగా ఇతరుల వలన కలిగే ఇబ్బందిని చాలాకాలంగా మౌనంగా భరించేవారి విషయంలో వాడుతారు. త్రాగుబోతు భర్తతో వేగే భార్య లాంగ్-సఫరింగ్ వైఫ్. ఎన్నేళ్లయినా గెలవని జట్టును విడిచిపెట్టని అభిమానులు లాంగ్-సఫరింగ్ ఫ్యాన్స్. ఒక్కొక్కసారి కొంచెం నవ్వులాటగా కూడా వాడుతారు. “పాపం, ఎలా భరిస్తున్నారో!” అనే ధ్వని అందులో ఉంటుంది. అంతే తప్ప, ఆ భరించడం మంచిదని గాని, అలాగే భరించాలని గాని ఆ మాట చెప్పదు.

కనుక ఆ అమ్మాయి వ్రాసిన వాక్యం నేటి ఇంగ్లీషు ప్రకారం సరియైనదే. చిక్కు వచ్చింది మరొక చోట. ఆ పాఠంలోని మాట, బైబిల్లోని మాట అక్షరాలలో ఒక్కటే గాని, అర్థంలో ఒక్కటి కాదు.

‘సఫర్’ అనే మాట ఎలా మారింది?

విలియం టిండేల్ ఇంగ్లీషులోనికి తెచ్చిన కొత్త నిబంధన 1526లో జర్మనీలోని వోర్మ్స్ పట్టణంలో అచ్చయినది. ఆయన అనువాదంలోని ఎన్నో మాటలు 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లోనికి అలాగే చేరాయి. ఆ కాలపు ఇంగ్లీషులో ‘సఫర్’ అంటే బాధపడడం ఒక్కటే కాదు. ఓర్చుకోవడం, అడ్డు చెప్పకుండా ఉండడం, చేయనివ్వడం అనే అర్థాలు కూడా ఉండేవి. లాటిన్ మూలంలో దాని అర్థం క్రిందనుండి మోయడం.

దీనికి తేలికైన రుజువు మార్కు 10:14లో ఉన్నది. చిన్నబిడ్డలను తన యొద్దకు రానివ్వమని యేసుప్రభువు శిష్యులతో చెప్పిన చోట కింగ్ జేమ్స్ బైబిల్లో వాడిన మాట ‘సఫర్’. పిల్లలను బాధపెట్టమని దాని అర్థమా? కాదు. రానివ్వండి అని అర్థం. యేసు బాప్తిస్మము పొందే సందర్భంలో, మత్తయి 3:15లో కూడా ‘ఇప్పటికి కానిమ్ము’ అనే భావంలోనే ఆ మాట ఉన్నది.

నాలుగు వందల ఏళ్లలో ఆ పాత అర్థాలు వాడుకలో పలచబడ్డాయి. బాధపడడం అనే అర్థం ముందుకు వచ్చింది. మనం కూడా “నెలరోజులుగా జ్వరంతో సఫర్ అవుతున్నాడు” అని తెలుగులో కలిపి మాట్లాడుతున్నాం. అందుచేత లాంగ్-సఫరింగ్ అనగానే మన చెవికి ‘దీర్ఘబాధ’ అని వినబడుతోంది. తరువాతి ఇంగ్లీషు అనువాదకులు ఈ ఇబ్బంది గ్రహించారు. 1978లో పూర్తి బైబిలుగా వచ్చిన న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్‌లో గలతీ 5:22 దగ్గర ‘పేషన్స్’ అనీ, నిర్గమకాండము 34:6 దగ్గర కోపించుటకు నిదానించువాడు అనే భావంలోనూ వ్రాశారు.

ముక్కు మీది కోపం

ఇప్పుడు మూలభాషలను చూద్దాం. నిర్గమకాండము 34:6లో దేవుడు మోషే ఎదుట తన గుణలక్షణాలను తానే ప్రకటించుకున్నాడు. అక్కడున్న హెబ్రీ మాట ‘ఎరెక్ అప్పాయిమ్’. ‘అఫ్’ అంటే ముక్కు. అదే మాటకు కోపం అని కూడా అర్థం. ‘ఎరెక్’ అంటే పొడవైన. మాటకు మాట తీసుకుంటే ‘పొడవైన ముక్కు గలవాడు’ అని వస్తుంది. వినడానికి వింతగా ఉన్నా, తెలుగువారికి ఇది సులువుగానే అర్థమవుతుంది. తొందరగా మండిపడేవాడిని మనం ఏమంటాం? వాడికి ముక్కు మీద కోపం అంటాం. హెబ్రీవాడు దానికి ఎదురుగా చెప్పాడు. దేవునికి కోపం చప్పున రాదు, అది బయటికి రావడానికి చాలా దూరం ఉంది అన్నాడు.

గ్రీకులో ఆ మాట ‘మక్రొతుమియ’. ‘మక్రొస్’ అంటే దీర్ఘమైన. ‘తుమొస్’ అంటే లోపల రగిలే ఆవేశం, కోపం. తొందరగా కోపం వచ్చేవాడిని ఇంగ్లీషులో షార్ట్-టెంపర్డ్ అంటారు. మన పల్లెల్లో కూడా “వాడికి షార్ట్ టెంపర్” అనడం మామూలే. లాంగ్-టెంపర్డ్ అనే మాట ఇంగ్లీషు వాడుకలో ఉండి ఉంటే, గలతీ 5:22లో అదే సరిగ్గా సరిపోయేది.

ప్రియులారా, ఇక్కడ దేనికి ‘దీర్ఘ’ అని పెట్టారో గమనించండి. దీర్ఘమైనది బాధ కాదు. కోపం రాకముందు ఉండే నిదానం దీర్ఘమైనది. మన తెలుగు బైబిలు అనువాదకులు దీనిని చక్కగా పట్టుకున్నారు. వారు దీర్ఘబాధ అనలేదు, దీర్ఘశాంతము అన్నారు. మన చేతిలో సరియైన మాట ఉండగా, ఆ తప్పు అర్థాన్ని దానికి అంటగట్టినది నావంటి బోధకులమే.

బాధల క్రింద నిలబడి సహించడానికి గ్రీకులో వేరే మాట ఉన్నది. అది ‘హుపొమొనె’. యాకోబు 5:11లో యోబు సహనం గురించి చెప్పేటప్పుడు ఆ మాటే వాడబడినది. రోగం, కరువు, విశ్వాసం కోసం వచ్చే హింస, ఇటువంటి వాటిని తట్టుకొని నిలబడేది హుపొమొనె. మక్రొతుమియ దానికి వేరు. అది ముఖ్యంగా మనుష్యుల యెడల చూపేది, తిరిగి కొట్టగల శక్తి ఉండి కూడా చెయ్యి ఎత్తనివాని గుణం. అందుకే బైబిలు దానిని మొదట ఆపాదించినది దేవునికే. ఆయన సర్వశక్తిమంతుడు గనుకనే ఆయన నిదానం దీర్ఘశాంతమైనది. సామెతలు 16:32 దీర్ఘశాంతము గలవానిని పరాక్రమశాలితో పోల్చి, అతని కంటె గొప్పవాడని చెప్పుతున్నది.

అయితే ఈ మాటను మొదట ఎవరికి బోధించాలి? బలం ఉన్నవానికి. చెయ్యి ఎత్తగలవానికి. ఆ రోజు నేను దెబ్బలు తిన్న ఆమెకు ఆ వాక్యం చదివాను. కొట్టినవాని దగ్గరకు వెళ్లి చదవలేదు. వాక్యం సరియైనదే, ఇల్లు కూడా అదే. కాని చెప్పవలసిన మనిషిని తప్పాను.

ఎవరు అడిగారు, ఎవరు చూపారు?

మత్తయి 18వ అధ్యాయంలోని అప్పు పడిన దాసుని ఉపమానం మనందరికీ తెలిసినదే. పదివేల తలాంతులు అచ్చియున్నవాడు రాజు కాళ్ల మీద పడి ఓర్చుకొమ్మని వేడుకుంటాడు. అక్కడున్న గ్రీకు క్రియ మక్రొతుమియకు సంబంధించినదే. అడిగినవాడు బలహీనుడు, చూపవలసినవాడు బలవంతుడు. రాజు కనికరించి అప్పంతా విడిచిపెట్టాడు. వాడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారములు అచ్చియున్న తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. ఆ తోటి దాసుడు కూడా అదే మాటతో బ్రతిమాలాడు. వీడు వినలేదు.

అప్పుడు చూస్తున్న మిగిలిన దాసులు ఏం చేశారు? 31వ వచనం చదవండి. గొంతు పట్టబడినవాని దగ్గరకు వెళ్లి, “నీవు ఇంకా ఓర్చుకో” అని చెప్పలేదు. “అది వారిద్దరి సంగతి, మనకెందుకు” అని కూడా అనలేదు. చాలా దుఃఖపడి, వెళ్లి జరిగినదంతా రాజుకు తెలియజేశారు. రాజు వారిని తప్పుపట్టలేదు. గొంతు పట్టుకున్నవానిని పిలిపించి లెక్క అడిగాడు.

నిర్గమకాండము 34వ అధ్యాయంలో కూడా అదే క్రమం ఉన్నది. దేవుడు దీర్ఘశాంతుడని చెప్పిన తరువాత, వెంటనే 7వ వచనంలో ఆయన దోషిని నిర్దోషిగా ఎంచడని ఉన్నది. సంఖ్యాకాండము 14:18లో, నహూము 1:3లో కూడా ఈ రెండు సంగతులు ప్రక్కప్రక్కనే ఉన్నాయి. దేవుని దీర్ఘశాంతం తప్పును కప్పిపెట్టేది కాదు. 2 పేతురు 3:9 చెప్పినట్లు, అది మారుమనస్సు కొరకు ఇచ్చే గడువు. గడువు ఇచ్చాడంటే తప్పును ఒప్పుకున్నాడని కాదు.

అపొస్తలుడైన పౌలును చూడండి. ఆత్మఫలంలో ఈ మాట వ్రాసినది ఆయనే. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయంలో కొరడాలతో కొట్టడానికి ఆయనను వారులతో కట్టారు. అప్పుడు ఆయన తాను రోమా పౌరుడనని, విచారణ లేకుండా కొట్టడం న్యాయమా అని శతాధిపతిని అడిగాడు. చట్టం తనకిచ్చిన రక్షణను అడగడం ఆయనకు అవిశ్వాసంగా తోచలేదు. 1 థెస్సలొనీకయులకు 5:14లో అందరి యెడల దీర్ఘశాంతము చూపమని వ్రాసిన పౌలే, అదే వచనంలో క్రమం తప్పి నడిచేవారికి బుద్ధి చెప్పమనీ, బలహీనులకు ఊతమియ్యమనీ కూడా వ్రాశాడు. మనం చివరి మాట పట్టుకొని మొదటి రెండూ విడిచిపెట్టాము.

మరి ఆడవారు దీర్ఘశాంతము చూపనక్కరలేదా అని కొందరు అడుగవచ్చును. చూపాలి. పిల్లల అల్లరి విషయంలో, ముసలి అత్తమామల చాదస్తం విషయంలో, గట్టు తగాదా పెట్టిన పొరుగువారి విషయంలో, ఆడవారైనా మగవారైనా ఈ గుణం చూపవలసినదే. రైతు తొలకరి వానకోసం, కడవరి వానకోసం ఎదురుచూచినట్లు ఓర్పుతో ఉండమని యాకోబు 5:7 చెప్పుతున్నది. కాని ఆ రైతే తన చేలో పశువులు పడి మేస్తూ ఉంటే గట్టు మీద కూర్చుని ఓర్చుకుంటాడా? కర్ర తీసుకొని పరుగెత్తుతాడు. వాన కోసం ఎదురుచూడడం ఓర్పు. పైరు తినిపోతూ ఉంటే చూస్తూ ఊరుకోవడాన్ని ఓర్పు అనరు.

సంఘం ఏం చేయాలి?

మొదటిది, ఇటువంటి కష్టం చెప్పుకొని ఒక సహోదరి వస్తే, ముందు ఆమె ప్రాణానికి భద్రత ఉన్నదా అని అడగండి. ఆ రాత్రి ఆమె, పిల్లలు ఎక్కడ పడుకుంటారో చూడండి. ప్రార్థన తప్పక చేయండి. కాని ప్రార్థన చేసి మళ్లీ ఆ దెబ్బల దగ్గరికే పంపకండి.

రెండవది, చట్టం ఇచ్చిన సహాయం తెలుసుకోండి. గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం మేజిస్ట్రేటు ఆమెకు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చును. కాపురం చేస్తున్న ఇంటినుండి ఆమెను గెంటివేయకుండా కూడా ఉత్తర్వు ఇవ్వవచ్చును. ఆమె భయపడి వెళ్లలేకపోతే, సంగతి తెలిసిన ఎవరైనా రక్షణ అధికారికి తెలియజేయవచ్చును. మంచి మనసుతో అలా తెలియజేసినవారి మీద కేసు ఉండదని ఆ చట్టం 4వ సెక్షన్ చెప్పుతున్నది. ఉపమానంలోని తోటి దాసులు చేసిన పని ఇదే కదా!

భార్యను క్రూరంగా హింసించడం శిక్షార్హమైన నేరమని 1983 నుండి చట్టంలో ఉన్నది. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ క్రిందికి వచ్చింది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం, ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. మహిళల సహాయానికి 181 నంబరు, అత్యవసరానికి 112 నంబరు ఉన్నాయి. ఈ రెండు నంబర్లూ మందిరం గోడమీద, ఆడవారు కూర్చునే వైపున వ్రాసి పెట్టండి. మేము వ్రాశాము.

మూడవది, కొట్టే మనిషి దగ్గరకు పెద్దలు వెళ్లాలి. 1 సమూయేలు 25వ అధ్యాయంలో నాలుగు వందలమందితో కత్తులు కట్టుకొని వస్తున్న దావీదు ఎదుటికి అబీగయీలు వెళ్లింది. తన భర్త నాబాలు మూర్ఖుడన్న సంగతి దాచలేదు, అతని అనుమతి కోసం ఆగలేదు. దావీదును కోపం నుండి వెనుకకు త్రిప్పింది. దావీదు తన ఉద్దేశం మానుకొని, తనను ఆపినందుకు ఆమెను దీవించాడు. కత్తి పట్టినవాడు ఆగడమే ఆ రోజు దీర్ఘశాంతం. మన సంఘాలలో పురుషుల కూడికలలో ఈ పాఠం చెప్పవలసి ఉన్నది. అయితే ఆ ఇంటి స్త్రీకి చెప్పకుండా, ఆమె భద్రమైన చోట లేనప్పుడు వెళ్లకండి. మీరు వచ్చిన తరువాత ఆ కోపం ఆమె మీదికే తిరుగవచ్చును.

ఆ అమ్మాయికి చెప్పిన జవాబు

ఆ శనివారం నేను ఆ పిల్లతో ఇంత వివరంగా చెప్పలేదు. “అమ్మా, మీ అమ్మ పడుతున్నది ఆత్మఫలం కాదు. మీ నాన్నలో ఆత్మఫలం లేకపోవడం వలన వచ్చిన కష్టం అది” అని మాత్రం చెప్పాను. మరునాడు ఆరాధన అయిన తరువాత నా భార్యను వెంటబెట్టుకొని వారి ఇంటికి వెళ్లి, ఆ తల్లితో, “అమ్మా, ఎనిమిదేళ్ల క్రిందట నేను నీకు తప్పు చెప్పాను, నన్ను క్షమించు” అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “మీరు చెప్పారని కొంత, పిల్లల కోసం కొంత ఉన్నానండి. వెళ్లిపోతే దేవుడికి కోపం వస్తుందేమోనని భయపడ్డాను” అన్నది. దేవుడు కోపించుటకు నిదానించువాడు అని బోధించవలసిన నేనే, ఆమెకు దేవుని కోపమంటే భయం పుట్టించాను. ఇది నేను మరచిపోలేను.

ఇప్పుడు ఆమె తన అన్నగారి ఊరిలో పిల్లలతో ఉంటున్నది. ఉచిత న్యాయ సహాయం ద్వారా వకీలును పెట్టుకున్నది. ఆమె అక్కడికి చేరిన తరువాత నేను, ఇద్దరు పెద్దలం ఆమె భర్త దగ్గరకు వెళ్లాము. మొదటిసారి మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు. రెండవసారి మంచం వేశాడు. ఇప్పుడు అప్పుడప్పుడు ఆదివారం వచ్చి వెనుక వరుసలో కూర్చుని, దీవెన కాకముందే లేచి వెళ్లిపోతున్నాడు. మారాడని నేను వ్రాయను. అతని కోసం మేము ప్రార్థన మానలేదు. ఆమె తిరిగి రావాలో వద్దో ఆమే నిర్ణయించుకోవాలి, మేము తొందరపెట్టము.

ఆ అమ్మాయి నోటుపుస్తకంలో ఆ వాక్యాన్ని కొట్టివేయలేదు. నేటి ఇంగ్లీషులో అది సరియైనదే గనుక కొట్టివేయవద్దని నేనే చెప్పాను. దాని క్రింద మరొక వాక్యం వ్రాసుకున్నది. దేవుడు లాంగ్-సఫరింగ్ అని. రెండు వాక్యాలలో మాట ఒక్కటే, అర్థాలు రెండు అని ఆ పిల్లకు ఇప్పుడు తెలుసు.

సహోదరులారా, ఈ నెల కుటుంబ ప్రార్థనలో నిర్గమకాండము 34:6, 7 వచనాలు కలిపి చదవండి. చదివిన తరువాత, మన ఇంట్లో ఎవరి కోపానికి ఎవరు భయపడుతున్నారో ఇంటి యజమాని ముందుగా తన్ను తాను ప్రశ్నించుకొనును గాక. దీర్ఘశాంతుడైన ప్రభువు మన చేతులను కూడా అదుపులో ఉంచును గాక. ఆమేన్.